మేడమీదావిడ చక్రాల బ్యాగు

మా తమ్ముడి దగ్గర ఒకే ఒక్క ప్రశ్న ఉండేది. నేను ఏ ఊరి పేరెత్తినా అదే అడిగేవాడు. "సామాను ఎవరు మోస్తారక్కా?" మైసూరన్నా అదే, పూరీ అన్నా అదే. దానికి నా దగ్గర జవాబు ఉండేది కాదు. ఇంట్లో ఉన్న రెగ్జిను సూట్‌కేసు ఖాళీగా ఎత్తితేనే భుజం పట్టేసేది. "నాకు సెలవు దొరకనీ, నేనే తీసుకెళ్తాను" అనేవాడు. వాడికి సెలవు దొరికేది కాదు, నా ప్రయాణం కుదిరేది కాదు. మంచివాడే, కాకపోతే ఆ ప్రశ్న అడిగి చేతులు దులుపుకునేవాడు. నేనూ దానికి బాగా అలవాటుపడిపోయాను.

మా ఆయన పోయాక ఆయన ఆఫీసులోనే నాకు ఉద్యోగం ఇచ్చారు. పిల్లలు లేరు. చిక్కడపల్లిలో లైబ్రరీ వెనక సందులో మేడమీద వాటా నాది. పొద్దున బస్సు, సాయంత్రం బస్సు, ఆదివారం లైబ్రరీ. కొన్నేళ్ళకోసారి ఊళ్ళు చూసి రమ్మని ప్రభుత్వం ఖర్చులిచ్చే సౌకర్యం ఉండేది. అందరూ కుటుంబాలతో తిరిగొచ్చి ఫొటోలు చూపించేవాళ్ళు. నేను చూసి బావున్నాయనేదాన్ని.

తొంభైల చివర్లో ఒకరోజు మా ఆఫీసులో పక్క సీటావిడ కొత్త రకం బ్యాగు గురించి చెప్పింది. కింద రెండు చక్రాలు, పైకి లాగితే పొడుగ్గా వచ్చే పిడి. "చిటికెన వేలితో లాగొచ్చండీ, కూలీతో పనే లేదు" అంది. ఆ మధ్యాహ్నమంతా నేను ఫైలు ముందు పెట్టుకుని ఊటీ గురించి ఆలోచించాను. మా తమ్ముడి ప్రశ్నకి జవాబు దొరికింది మరి.

ఊటీయే ఎందుకంటే, కొండెక్కే చిన్న రైలు ఎక్కాలని నాకు చిన్నప్పటి నుంచి కోరిక. కానీ మా రోజుల్లో ఊటీ అంటే కొత్తగా పెళ్ళైనవాళ్ళు వెళ్ళే చోటు. నాలాంటిది ఒక్కతే ఊటీకి వెళ్తానంటే నలుగురూ నవ్విపోరూ! అందుకని ఎవరడిగినా శ్రీరంగం అని చెప్పాలని నిశ్చయించుకున్నాను. దేవుడికి కోపం వస్తుందేమో అనిపించింది గానీ, ఊటీ అని చెప్పే ధైర్యం మాత్రం రాలేదు.

ఆఫీసు నుంచి వస్తూ నారాయణగూడలో దిగి ఒక బ్యాగుల షాపులోకి వెళ్ళాను. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో నా గొడుగు పిడి లోపలి వైపు ఒక చిన్న మెరూన్ రంగు స్టిక్కరు బొట్టు అంటించి ఉండేది. పొద్దున మా సందు దాటి బస్టాపుకి చేరాక దాన్ని తీసి నుదుటికి పెట్టుకునేదాన్ని. సాయంత్రం మా స్టాపులో బస్సు దిగగానే తీసి మళ్ళీ గొడుగుకి అంటించేదాన్ని. నన్నెవరూ బొట్టు వద్దనలేదు. ఎవరూ పెట్టుకోమనీ అనలేదు. కాబట్టి షాపులోకి వెళ్ళినప్పుడు నా నుదుట బొట్టుంది, షాపతను దాన్ని చూశాడు.

"రాండక్క. సార్ రాలేదా?" అన్నాడు. "ఊళ్ళో లేరు" అన్నాను, నీళ్ళు తాగినంత తేలిగ్గా. "ఏం పర్వలేదు. సార్ వచ్చినంక నచ్చకపోతే మార్చిస్త తీ" అన్నాడు. చెవులు వేడెక్కాయి. కానీ అతని మర్యాద ఎంత బావుందంటే, నిజం చెప్పి దాన్ని పోగొట్టుకోవాలనిపించలేదు.

ముందు గట్టి ప్లాస్టిక్ పెట్టె తీసి కింద పెట్టి, తనే దాని మీద ఎక్కి నిలబడ్డాడు. "జూడక్క, ఏనుగెక్కినా ఏం గాదు" అన్నాడు. ఏనుగుతో నాకు పనిలేదు, ఎత్తడం కావాలన్నాను. దానికి నాలుగు చిన్న చక్రాలూ లాగడానికి ఒక పట్టీ ఉన్నాయి. లాగితే రెండడుగులు వచ్చి పక్కకి పడిపోయింది. తర్వాత గుడ్డ బ్యాగులు చూపించాడు. పిడి ఎంత పొడుగొస్తుందో లాగి చూశాను. నడుం వంచకుండా పట్టుకోగలగాలి. జిప్పు ఇటూ అటూ తిప్పాను. బస్సు సీటు కింద పట్టాలి, రైల్లో నా ఒళ్ళో పెట్టుకున్నా పక్కవాళ్ళకి తగలకూడదు. అన్నిటికంటే ముఖ్యం, నేనొక్కదాన్నే తల పైకి ఎత్తి పెట్టగలగాలి.

"ఎత్తి చూస్తాను" అన్నాను. "జూడు" అన్నాడు. షాపులో గోడకి పైన చెక్క అర ఉంది. చెంగు దోపుకుని, బ్యాగు రెండు చేతులతో పట్టుకుని, మునివేళ్ళ మీద నిలబడి ఆ అరలోకి తోశాను. మళ్ళీ దించాను. ఖాళీది కాబట్టి సరిపోదని, అతన్నడిగి పాత కాయితాల కట్టలు అందులో వేయించి మళ్ళీ ఎత్తాను. గొడుగులు చూస్తున్న మొగుడూ పెళ్ళాం చూపు తిప్పుకోకుండా నన్నే చూశారు. షాపతను తల గోక్కుని, "గిట్ల ఎవ్వరు జూడరక్క, అందరు తాళం జూస్తరు" అన్నాడు. సిగ్గేసింది. అయినా మూడో బ్యాగు కూడా ఎత్తి చూసే వదిలాను.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి నీలం, రబ్బరు చక్రాలది. ఇంకోటి నేరేడుపండు రంగు, ప్లాస్టిక్ చక్రాలది. నేరేడు రంగుది ఎంత తేలికంటే, ఎత్తినప్పుడు చెయ్యి అనుకున్నదానికంటే పైకి లేచిపోయింది. "నీలంది జర బరువుంటది. కని రబ్బరు చక్రాలక్క, చప్పుడు చెయ్యది" అన్నాడతను. "చప్పుడైతే నాకేంటయ్యా, బరువు లేకపోతే చాలు" అన్నాను. పెద్ద తెలిసినదానిలా నవ్వాను కూడా. షాపు నేల నున్నగా ఉంది. బయట బస్సుల హోరు. ఆ చప్పుడు ఎలాంటిదో అక్కడ తెలిసే వీలే లేదు.

మా సందులో తారు రోడ్డు కాదు, షాబాదు బండలు. బండకీ బండకీ మధ్య వేలు దూరేంత నెర్రె. నేను ఆ నేల మీద చప్పుడు కాకుండా నడిచేదాన్ని.

అదెందుకో చెప్పాలి. కింద వాటాలో ఇంటివాళ్ళు. గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఆవిణ్ణి పిన్నిగారూ అని పిలిచేదాన్ని. నాకు జ్వరమొస్తే మిరియాల చారు పట్టుకుని మెట్లెక్కి వచ్చే మనిషి, చెడ్డదంటే కళ్ళు పోతాయి. వాళ్ళకి ఒక్కతే కూతురు. ఆ పిల్ల పదో తరగతి పరీక్షలప్పుడు పిన్నిగారు పైకి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "ఏమీ అనుకోకమ్మాయ్, పిల్ల పరీక్షకి వెళ్తోంది" అన్నారు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. అనక్కర్లేదు కూడా. మంచి పని మీద బయల్దేరేవాళ్ళకి భర్త పోయినది ఎదురు రాకూడదని నాకు ఒకరు చెప్పాలా! ఆ రోజు నుంచి కింద ఎవరు ఏ పనికి బయల్దేరుతున్నా నేను తలుపు వెనక ఆగిపోయేదాన్ని. గేటు గడియ పడిన చప్పుడు, చెప్పుల చప్పుడు, సందు చివర ఆటో కదిలిన చప్పుడు విన్నాక బట్టలారేయడానికి బయటికొచ్చేదాన్ని. ఏళ్ళ తరబడి అలా వింటూ నిలబడ్డాను. వాళ్ళకి తెలియకుండా చేస్తున్నాననీ, అది నా పెద్దరికమనీ అనుకునేదాన్ని.

బ్యాగు ఇంటికి తెచ్చి గదిలో ఇటూ అటూ లాగి చూసుకుంటుంటే పిన్నిగారు పైకి వచ్చారు. "ఏమిటమ్మాయ్, మేడమీద రోడ్డు రోలరు తిప్పుతున్నావా?" అని నవ్వారు. బ్యాగు చూసి, "దూరమేనా?" అన్నారు. ఎక్కడికని అడగకూడదు కదా. "శ్రీరంగం" అన్నాను. "మంచిదమ్మా, నా తరఫున కూడా ఒక దణ్ణం పెట్టు" అన్నారు. పెడతానన్నాను. ఊటీలో శ్రీరంగనాథుడెక్కడ దొరుకుతాడో!

నేను టికెట్టు కొన్నాక తెలిసింది, అదే ఆదివారం పొద్దున వాళ్ళమ్మాయికి పరీక్ష. అశోక్ నగర్‌లో కోచింగు తీసుకుంటూ సర్కారు ఉద్యోగం కోసం అప్పటికే రెండుసార్లు తప్పింది. ఈసారి సెంటరు ఊరికి ఆ చివర పడింది, తెల్లవారుతూనే బయల్దేరాలి. నా రైలూ పొద్దున్నే. అయినా ఏముంది, ఎప్పటిలాగే ఆ పిల్ల గేటు దాటాక నేను దిగుతాననుకున్నాను.

ఆదివారం తయారై, దీపం ఆర్పి, బ్యాగు పక్కన పెట్టుకుని తలుపు వెనక నిలబడ్డాను. కింద గిన్నెల చప్పుడైంది. ఇంటాయన దగ్గారు. గేటు గడియ మాత్రం పడదు. బయట తెల్లవారుతోంది. నాకు రైలు పోతుందేమోనని భయం. అప్పుడు ఆ పిల్ల గొంతు వినిపించింది. "అమ్మా, లేటవుతోంది, నేను వెళ్తా."

"ఆగవే తల్లీ" అన్నారు పిన్నిగారు, గొంతు తగ్గించి. ఆవిడ గొంతు తగ్గించినా మెట్లకి వినిపిస్తుంది. "పైనావిడ ఇంకా దిగలేదు. ఆ చక్రాల చప్పుడు సందు దాటనీ, అప్పుడు వెళ్దువుగాని."

వాళ్ళు వెళ్ళాలని నేను పైన ఆగాను, నేను వెళ్ళాలని వాళ్ళు కింద ఆగారు. ఒక ఇల్లంతా ఊపిరి బిగబట్టుకుని ఒకరి చప్పుడు కోసం ఒకరు వింటున్నాం. నవ్వొచ్చే సంగతే. నాకు మాత్రం ఒళ్ళంతా మండిపోయింది. నేను దాక్కునేది వాళ్ళకి తెలుసు. తెలిసి, ఈసారి నా పని కూడా వాళ్ళే చేస్తున్నారు.

బ్యాగుని రెండు చేతులతో చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాను. చెప్పులు వేళ్ళకి తగిలించుకుని, ఒట్టికాళ్ళతో మెట్లు దిగాను. గేటు గడియ చప్పుడు కాకుండా ఎలా తీయాలో నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఆ ఇంట్లో లేరు. తీశాను, వేశాను. తేలికైన బ్యాగు ఎంచుకున్నందుకు నన్ను నేను మెచ్చుకుంటూ కొంత దూరం నడిచాను కూడా.

అప్పుడు తట్టింది. వాళ్ళు లోపల నా చక్రాల చప్పుడు కోసం ఎదురుచూస్తున్నారు. అది వినపడకపోతే ఆ పిల్ల కదలదు.

కూర్చోనీ, అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఒక్క పూట వాళ్ళూ తలుపు వెనక నిలబడితే తెలుస్తుందనుకున్నాను. కానీ ఆ పిల్ల సాయంత్రం పూట పైకి వచ్చి నా ఇంగ్లీషు పేపరు తీసుకుని, గచ్చు మీద బోర్లా పడుకుని చదివేది. చదువుతూ "ఆంటీ, దీనికి తెలుగులో ఏమంటారు?" అని అడిగేది. రెండోసారి తప్పిందని తెలిసిన రోజున మా వంటింట్లో కూర్చునే ఏడ్చింది, కింద ఏడిస్తే వాళ్ళ నాన్న బాధపడతాడని. బ్యాగు కింద పెట్టాను. పిడి పైకి లాగాను.

ఆ చప్పుడు! ప్రతి నెర్రెలోనూ చక్రం పడి లేచి, గడగడమని సందంతా అదిరింది. కుక్కలు మొరిగాయి. ఎదురింటి పెద్దాయన పళ్ళు తోముకుంటూ బ్రష్షుతో సహా వరండాలోకి వచ్చాడు. ఎవరో కిటికీ తీశారు. ఏళ్ళ తరబడి పిల్లిలా నడిచిన సందులో ఇదుగో నేను పోతున్నాను, పోతున్నాను అని నేనే డప్పు కొట్టుకుంటూ వెళ్ళాను. నా వెనక గేటు గడియ వెంటనే పడింది. నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆ పిల్లకి నా మొహం కనపడుతుంది.

ఊటీ చూశాను. చిన్న రైల్లో బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, ఎవరికీ తగలలేదు. "ఒక్కరే వచ్చారా?" అని ఒకావిడ అడిగితే అవునన్నాను. ఆవిడ చలికి వణుకుతున్న పిల్లాడికి టోపీ సర్దుకుంది తప్ప ఇంకేమీ అనలేదు. ఉన్న నాలుగు రోజులూ బొట్టు గొడుగు మీదికి పోలేదు. తిరిగొచ్చాక తమ్ముడు అడిగాడు, "సామాను ఎవరు మోశారక్కా?" అని. "సామానే నన్ను మోసింది" అన్నాను. వాడికి అర్థం కాలేదు.

కొన్ని నెలలకి ఫలితాలొచ్చాయి. ఆ పిల్ల మొదటి పరీక్ష దాటింది. పిన్నిగారు బొబ్బట్లు పట్టుకుని పైకి వచ్చారు. నేను సంతోషంతో ఆవిడ చేతులు పట్టుకున్నాను. ఇద్దరం కళ్ళు తుడుచుకున్నాం. ఆ తర్వాత ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి ఆగారు.

"ఏమీ అనుకోకమ్మాయ్."

అదే మాట. అదే గుమ్మం.

"వచ్చే నెల రెండో పరీక్ష. ఆ రోజు నీ బ్యాగు చప్పుడయ్యాకే అది గడప దాటింది. రెండుసార్లు తప్పినది ఈసారి గట్టెక్కింది. మీ బాబాయిగారు కూడా అదే అంటున్నారు. మళ్ళీ అలాగే నువ్వు ముందు..."

"నేను ఊరెళ్ళడంలేదు కదండీ" అన్నాను.

"వెళ్ళక్కర్లేదమ్మా. ఊరికే సందు చివరిదాకా లాక్కెళ్తే చాలు."

నాకు కోపం రావాలి. మనిషి ఎదురొస్తే అపశకునం, అదే మనిషి వీపు చూపిస్తూ చప్పుడు చేసుకుంటూ పోతే శుభశకునమా అని అడగాలి. నా నోటికి ఆ మాటలు రాకపోవు, ఆఫీసులో నా నోరు తెలిసినవాళ్ళు చెప్తారు. నేనేమన్నానంటే, "దానికేం భాగ్యం పిన్నిగారూ, తప్పకుండా" అన్నాను. ఆవిడ మెట్లు దిగేదాకా నవ్వుతూనే నిలబడ్డాను.

ఆ రెండో పరీక్ష ఒక్క రోజుతో అయ్యేది కాదు. వారం పాటు రోజుకొక పేపరు. ముందు రోజు సాయంత్రం బ్యాగు చక్రాలు తడిగుడ్డతో తుడిచాను. చీర ఇస్త్రీ చేసుకున్నాను. సందు చివరిదాకా ఖాళీ బ్యాగు లాగడానికి ఇస్త్రీ చీర! పొద్దున ధైర్యంగా మెట్లు దిగి, గడియ గట్టిగా వేసి, సందు మధ్యలో నడిచాను. ఖాళీది ఇంకా ఎక్కువ మోగింది. ఎదురింటి పెద్దాయన చెయ్యి ఊపాడు. సందు మలుపు తిరిగి లైబ్రరీ గోడ పక్కన, ఆ పిల్ల ఆటో ఎక్కేదాకా అటు తిరిగి పోస్టర్లు చదువుతూ నిలబడ్డాను. తర్వాత బ్యాగు ఎత్తుకుని ఇంటికొచ్చి ఆఫీసుకి తయారయ్యాను.

రోజూ అంతే. మూడో రోజున మాకు పాలుపోసే పాలమూరామె, "ఏందక్క, దినాం ఊరికి పోతున్నవా? దినాం పోయి దినాం ఎట్లొస్తున్నవ్?" అంది. క్యాన్లు సర్దుకుంటూ ఊరికే అడిగింది, జవాబు కోసం ఆగను కూడా ఆగలేదు. నేను మాత్రం ఆ రోజంతా ఆ మాటే నమిలాను.

ఆఖరి పరీక్ష రోజు ఆ పిల్లకి సందు చివర ఆటో దొరకలేదు. లైబ్రరీ వైపు పరుగున వచ్చింది. నేను గోడ వైపు తిరిగి ఉన్నాను, బ్యాగు దారికి అడ్డంగా ఉంది. ఒక స్కూటరు హారను కొడితే, "జరగండాంటీ" అంటూ నా బ్యాగు పట్టుకుని పక్కకి లాగింది. బరువుంటుందనుకుని లాగిందేమో, బ్యాగు గాల్లోకి లేచి ఆమె మోకాలికి తగిలింది.

"ఆంటీ, ఇందులో ఏమీ లేదా?"

"లేదు" అన్నాను.

"మీరు ఆఫీసు పని మీద క్యాంపుకి వెళ్తున్నారని అమ్మ చెప్పిందే. మరి రోజూ ఎందుకూ..." అని మధ్యలో ఆగిపోయింది. చదువుకున్న పిల్ల, అర్థం కావడానికి ఎంతసేపు! మొహం ఎర్రబడింది. నా వైపు చూడలేకపోయింది. నేనూ చూడలేదు. పక్కనే ఆటో ఆగింది. "ఎక్కు, లేటవుతుంది" అన్నాను. ఎక్కుతూ, "వెళ్ళొస్తానాంటీ" అంది, నేల వైపు చూస్తూ. ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో ఉన్నాను, పరీక్షకి వెళ్తూ ఆ పిల్ల నాకు ఎదురుగా నిలబడి ఆ మాట అనడం అదే మొదలు. నేను జవాబు చెప్పేలోపల ఆటో కదిలింది.

తలుపు వెనక దాక్కున్నందుకు నాకిప్పుడు పెద్ద సిగ్గు లేదు. ఆ తలుపు నేనొక్కదాన్నే వేసుకున్నది కాదు. షాపులో బతికిలేని మనిషిని ఊళ్ళో లేరని చెప్పినందుకూ లేదు. కానీ ఆ పొద్దున ఖాళీ బ్యాగు చంకనెత్తుకుని సందులోకి తిరిగి వస్తుంటే, రేపట్నుంచి లాగక్కర్లేదు కదా అనుకున్నాను. అనుకోగానే, పరీక్షలు అప్పుడే అయిపోయాయా అని నాకు దిగులేసింది.